కారేదాకా ఆగమనడం సలహా కాదు

“ట్యాంకు కారడం లేదు కదా, దాని జోలికి పోవద్దు.” అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత ఇల్లు కొన్నవాళ్లకు ఇరుగుపొరుగు నుంచి వినిపించే మాట ఇది. చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి హీటింగ్ ఆయిల్ వాడే ఇళ్లు ఆ దేశంలో సుమారు 50 లక్షలు. అందులో ఐదింట నాలుగు వంతుల దాకా ఈశాన్యంలోనే ఉన్నాయి. డీజిల్‌ను పోలిన ఈ ఆయిల్‌ను నిలవ ఉంచేది ఒక ఉక్కు ట్యాంకు. సాధారణంగా దాని పరిమాణం 275 గ్యాలన్లు, అంటే వెయ్యి లీటర్ల పైచిలుకు. కొన్ని ఇళ్లలో అది బేస్‌మెంట్‌లో ఉంటుంది, కొన్నిట్లో బయట గోడవారన ఉంటుంది, మరికొన్నిట్లో పెరటి మట్టి కింద పాతిపెట్టి ఉంటుంది. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కలా, మసాచుసెట్స్, కనెక్టికట్ శివారు ఊళ్లలోనూ పాత ఇళ్లు కొనుక్కుంటున్న తెలుగు కుటుంబాలకు ఇది బొత్తిగా కొత్త వస్తువు. ఇంటిని వెచ్చబెట్టే అవసరమే లేని చోట పుట్టి పెరిగినవాళ్లకు ఆ ట్యాంకు గురించి అనుభవం ఉండదు. అందుకే మొదట చెవిన పడ్డ సలహాయే వాళ్లకు నియమమైపోతుంది. ఆ సలహా తప్పు. ఎందుకు తప్పో చెప్పే ముందు దాని పక్షాన ఉన్న వాదనను పూర్తిగా వినాలి.

ఆ వాదన ఇలా సాగుతుంది. ఉక్కు ట్యాంకులు నలభై, యాభై ఏళ్లు నిక్షేపంగా పనిచేసిన సందర్భాలు కోకొల్లలు. ఇరవై ఏళ్లు దాటగానే మార్చాలని చెప్పేవాళ్లు చాలావరకు కొత్త ట్యాంకులు అమ్మేవాళ్లే. మార్చడానికి కొన్ని వేల డాలర్లు అవుతుంది, ఆ డబ్బుతో ఇంటికి అంతకన్నా అవసరమైన పనులు చేయించుకోవచ్చు. నిజంగా ప్రమాదకరమైతే ప్రభుత్వమే చట్టం చేసేది, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంది. పైగా నాలుగేళ్లలో హీట్ పంపుకో గ్యాసుకో మారబోతున్నప్పుడు ఆయిల్ ట్యాంకు మీద ఖర్చు పెట్టడం దండగ. ఇవి పనికిమాలిన మాటలని కొట్టిపారేయలేం. ఒక్కొక్కదానిలో కొంత నిజం ఉంది. అయితే ఆ నిజాలేవీ “కారేదాకా ఆగు” అన్న నిర్ణయానికి దారితీయవు. ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

1. కారకపోవడం బాగుందనడానికి రుజువు కాదు

ట్యాంకు చెడిపోయే తీరు తెలిస్తే ఈ వాదనకు పునాది మిగలదు. ట్యాంకులో ఆయిల్ తగ్గినకొద్దీ పైన గాలి చేరుతుంది. పగలూ రాత్రీ ఉష్ణోగ్రత మారుతుంటే ఆ గాలిలోని తేమ లోపలి గోడల మీద నీటి బొట్లుగా పడుతుంది. నీరు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు దిగి అక్కడే నిలిచిపోతుంది. నీరూ ఆయిలూ కలిసే ఆ సరిహద్దులో సూక్ష్మజీవులు పెరిగి ఆమ్లాలను విడుదల చేస్తాయి. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి ఆ తేమను ఉక్కుకు అంటిపెట్టి ఉంచుతుంది. తుప్పు అడుగున, లోపలి వైపు మొదలై బయటికి తొలుచుకొస్తుంది. రేకు మందమేమో మామూలుగా రెండున్నర మిల్లీమీటర్ల సుమారు, కొన్ని రకాల్లో అంతకన్నా తక్కువ. తుప్పు రేకునంతా సమానంగా పలచబరచదు. ఎక్కడో ఒక చుక్కంత చోట లోతుగా గుంట తవ్వుతుంది. మిగతా రేకంతా దిట్టంగా ఉన్నా ఆ ఒక్క గుంట చాలు. బయటి రంగు చెక్కుచెదరకుండా మెరుస్తున్న ట్యాంకు లోపల ఏ స్థితిలో ఉందో ఆ రంగు చెప్పదు.

“కారితే తెలుస్తుంది కదా” అనే మాటా నిలబడదు. సూదిమొనంత చిల్లు పడ్డా దాన్ని లోపలి మడ్డే కొంతకాలం మూసి ఉంచుతుంది. శీతాకాలం ముందు ట్యాంకు నిండా ఆయిల్ పోయించినప్పుడు దాదాపు 900 కిలోల బరువు ఆ అడుగు మీద పడుతుంది. పోసే ఉరవడికి మడ్డి కదిలిపోతుంది. చిల్లు తెరుచుకునేది అప్పుడే, అంటే కారిపోవడానికి ఆయిల్ అత్యధికంగా ఉన్న రోజునే. సన్నగా కారితే గేజీ కూడా పట్టుకోదు. ట్యాంకు పైనుండే తేలుడు గేజీ చూపేది పావు, సగం, ముప్పావు లాంటి మోటు కొలతలు. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు నాలుగు లీటర్లకు పైగా పోతుంది. కానీ నడిచలికాలంలో బాయిలర్ రోజుకు కాల్చే దానిలో ఆ నష్టం కలిసిపోతుంది. ఈసారి చలి ఎక్కువగా ఉంది, ఆయిల్ ఎక్కువ కాలింది అనుకుంటారు. భూమిలో పాతిన ట్యాంకు సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి బయటి వైపు నుంచి మట్టిలోని తేమ కూడా తోడవుతుంది, అది కారుతుంటే చూసే కన్నే ఉండదు. కారడమనేది ముందస్తు హెచ్చరిక అని ఈ సలహా భావిస్తోంది. కారడం కనబడే సరికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

2. నిలిచినవాటిని చూపి కూలినవాటిని దాచడం

యాభై ఏళ్ల ట్యాంకు నిక్షేపంగా ఉందన్న ఉదాహరణ నిజమే కావచ్చు. దానితో నిరూపణ అయ్యేది ఒక్కటే: కొన్ని ట్యాంకులు యాభై ఏళ్లు నిలుస్తాయి. మన ఇంట్లోది ఆ కొన్నిట్లో ఒకటా అన్నది వేరే ప్రశ్న. ఇరవై ఏళ్లకే చిల్లుపడి తీసేసిన ట్యాంకులు ఇప్పుడు ఏ బేస్‌మెంట్‌లోనూ లేవు, వాటిని చూపించి మాట్లాడేవాళ్లూ ఉండరు. కళ్లముందు మిగిలినవాటిని మాత్రమే లెక్కపెడితే అన్నీ దీర్ఘాయువు గలవే అనిపిస్తుంది. నిలిచినవి ఎలా నిలిచాయో కూడా ఈ ఉదాహరణలు చెప్పవు. పొడిగా, ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న బేస్‌మెంట్‌లోని ట్యాంకుకూ, ఎండకూ మంచుకూ నిలబడే బయటి ట్యాంకుకూ పోలిక లేదు. బయటిదానిలో ఉష్ణోగ్రత ఎక్కువగా ఊగుతుంది, నీరు ఎక్కువగా చేరుతుంది, అందుకే దాని ఆయుష్షు తక్కువ. ఏడాది పొడవునా ఎంత నిండుగా ఉంచారు, అడుగున చేరిన నీటిని ఎప్పుడైనా తీశారా, కాళ్లు ఏ నేల మీద నిలిచి ఉన్నాయి అన్నవి కూడా ఆయుష్షును నిర్ణయిస్తాయి. పక్కింటి ట్యాంకు వయసు మన ట్యాంకుకు హామీ కాలేదు.

ఇటీవలి ఆయిల్ శుభ్రమైనది కాబట్టి భయం తగ్గిందనే మాట కూడా ఈ కోవలోదే. ఈశాన్య రాష్ట్రాలు హీటింగ్ ఆయిల్‌లో గంధకాన్ని బాగా తగ్గించిన మాట వాస్తవం. న్యూయార్క్ 2012లో మొదలుపెడితే న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలు 2018 నాటికి పదిలక్షల పాళ్లలో 15కి పరిమితం చేశాయి. దానివల్ల గాలికీ బాయిలర్‌కూ మేలు జరిగింది. కానీ ట్యాంకు అడుగున నీరు చేరడం ఆగలేదు, అంతకు ముందు దశాబ్దాల్లో పడ్డ గుంటలు పూడలేదు. ఇప్పుడు చాలాచోట్ల ఆయిల్‌లో కలుపుతున్న బయోడీజిల్‌కు పాత మడ్డిని కరిగించి వదులుచేసే గుణం కూడా ఉంది. మడ్డి కప్పి ఉంచిన చిల్లుకు అది మంచి వార్త కాదు.

3. వాయిదా వేస్తే మిగిలేది ఎంత?

“కొన్ని వేల డాలర్లు మిగులుతాయి” అనే చోట లెక్క తప్పుతోంది. ఇల్లు ఆయిల్ మీదే నడిచినంత కాలం ట్యాంకును ఎప్పటికైనా మార్చక తప్పదు. అందుచేత ఒక ఏడాది వాయిదా వేస్తే మిగిలేది ట్యాంకు ధర మొత్తం కాదు, ఆ ఏడాదికి పడే భాగం మాత్రమే. పని మొత్తానికి 4,000 డాలర్లు అనుకుందాం. కొత్త ట్యాంకు 30 ఏళ్లు వస్తుందనీ వడ్డీ 5 శాతమనీ వేసుకుంటే, వడ్డీ తరుగు కలిపి ఏడాదికి పడే భారం సుమారు 260 డాలర్లు. ఒక సంవత్సరం ఆగడం వల్ల వచ్చే లాభం అంతే. ఇక రెండో వైపు చూడాలి. ఇంటి ఆయిల్ కారితే శుభ్రం చేయడానికి చిన్న సందర్భంలో 15,000 డాలర్లు, భూగర్భ జలం దాకా పోతే 2,50,000 డాలర్లు లేదా అంతకు మించి కావచ్చని మసాచుసెట్స్ పర్యావరణ శాఖే ఇంటి యజమానులను హెచ్చరిస్తోంది. అతి తక్కువ అంకెనే తీసుకుందాం. ఆ ఏడాదిలో ట్యాంకు కారే అవకాశం 58లో ఒకటిని మించితే చాలు, ఆగడం నష్టమే. నష్టం 50,000 డాలర్లయితే 190లో ఒకటి మించినా నష్టమే. తుప్పు పట్టి, వయసు తెలియకుండా బయట నిలబడి ఉన్న ట్యాంకు ఈ ఏడాది కారే అవకాశం అంతకన్నా తక్కువని ధీమాగా చెప్పగలిగినవాళ్లు మాత్రమే ఆగమనే సలహా ఇవ్వాలి.

చెడిపోయేదాకా వాడటం కొన్ని వస్తువులకు సరైన పద్ధతే. బల్బు మాడిపోయాక మార్చుకుంటాం, ముందే మార్చడం వృథా. అక్కడ చెడిపోవడం వల్ల పోయేది ఆ వస్తువు మాత్రమే. ట్యాంకు చెడితే పోయేది ట్యాంకు కాదు. ఆయిల్ కాంక్రీటు పగుళ్లలోంచి ఇంటి కింది మట్టిలోకి దిగుతుంది. ఆవిరి పై గదుల్లోకి ఎక్కుతుంది. మట్టి తవ్వి తరలించాల్సి వస్తుంది, ఒక్కోసారి ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది. మేన్ రాష్ట్రంలో హీటింగ్ ఆయిల్ మీద ఆధారపడటం దేశంలోకెల్లా ఎక్కువ, సొంత బావి నీళ్లు తాగే ఇళ్లూ చాలా ఎక్కువ. అక్కడ ట్యాంకూ తాగునీరూ ఒకే స్థలంలో ఉంటాయి. దీనికి తోడు కారడం మన వీలు చూసి రాదు. నడిచలికాలంలో వస్తే బాయిలర్ ఆపాలి, పైపుల్లో నీరు గడ్డకట్టకుండా చూసుకోవాలి, దొరికిన పనివాళ్లతో అడిగినంత ఇచ్చి చేయించుకోవాలి. వేసవిలో నలుగురిని అడిగి ధర తేల్చుకుని చేయించుకునే పనికీ దీనికీ పోలికే లేదు.

4. చట్టమూ ఇన్సూరెన్సూ కాపాడతాయన్న నమ్మకం

ప్రమాదమైతే చట్టం ఉండేదన్న వాదన చరిత్ర ముందు తేలిపోతుంది. భూగర్భ ట్యాంకుల మీద అమెరికా కాంగ్రెస్ 1984లో చట్టం చేసింది. 1988లో పర్యావరణ పరిరక్షణ సంస్థ నియమాలు తెచ్చి, పెట్రోలు బంకుల్లాంటి చోట ఉన్న పాత ట్యాంకులకు 1998 డిసెంబరు 22 గడువు పెట్టింది. ఆలోగా తుప్పు నుంచీ పొర్లడం నుంచీ రక్షణ ఏర్పాటు చేసుకోవాలి, లేదంటే మూసేయాలి. సొంత అవసరానికి ఆ స్థలంలోనే వాడుకునే హీటింగ్ ఆయిల్ ట్యాంకులను మాత్రం ఆ నిర్వచనం నుంచే మినహాయించారు. ఉక్కు అదే, మట్టి అదే, తుప్పు అదే. రక్షణ లేని ఉక్కును మట్టిలో ఉంచడం బంకు యజమానికి తగదని తేల్చిన ప్రభుత్వం, ఇంటి యజమానికి అది క్షేమమని ఎక్కడా చెప్పలేదు. మినహాయింపును భద్రతా పత్రంగా చదువుకోవడం ప్రమాదకరమైన పొరపాటు.

మార్చమని బలవంతం చేయని చట్టం, కారిన తరవాత ఎంత కఠినంగా ఉంటుందో న్యూజెర్సీలో చూడవచ్చు. 1976 నాటి అక్కడి స్పిల్ చట్టం ప్రకారం, నిర్లక్ష్యం ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండానే శుభ్రం చేసే బాధ్యత మీద పడుతుంది. మోరిస్‌టౌన్‌లోని ఒక షాపింగ్ సెంటర్‌లో డ్రైక్లీనింగ్ దుకాణం బాయిలర్ కోసం పాతిన ఆయిల్ ట్యాంకు పైపులకు చిల్లులు పడి ఏళ్ల తరబడి కారిన సంగతి 2003లో గాని బయటపడలేదు. ఆ ఖర్చులో వాటా అడుగుతూ వేసిన దావాలో న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2015లో తీర్పు ఇస్తూ, ఇలాంటి వాటాల దావాలకు మామూలు ఆరేళ్ల కాలపరిమితి వర్తించదని చెప్పింది. మట్టిలోకి దిగిన ఆయిల్ విషయంలో కాలం గడిచింది కాబట్టి బాధ్యత తీరిపోయిందనుకునే వీలు లేదన్నమాట. అందుకే ఆ రాష్ట్రంలో ఇల్లు కొనేవాళ్లు పెరట్లో పాత ట్యాంకు ఉందేమోనని యంత్రాలతో వెతికిస్తారు. దొరికితే బేరం ఆగుతుంది. ఇవాళ వాయిదా వేసిన ఖర్చు రేపు ఇల్లు అమ్మే నాడు ఎదురొచ్చి నిలబడుతుంది.

ఇన్సూరెన్స్ మీద పెట్టుకున్న భరోసా మరీ బలహీనం. ఇంటి పాలసీల్లో చాలావాటిలో కాలుష్యాన్ని మినహాయించే నిబంధన ఉంటుంది. పక్కింటి స్థలానికో భూగర్భ జలానికో నష్టం జరిగితే కొంత వర్తించే పాలసీ కూడా మన సొంత మట్టిని శుభ్రం చేసే ఖర్చును తరచుగా వదిలేస్తుంది. మసాచుసెట్స్‌లో 2008 నాటి చట్టం ఇన్సూరెన్స్ కంపెనీలు ఈ రక్షణను అందుబాటులో ఉంచాలని చెప్పింది. కానీ అది అడిగి, అదనంగా డబ్బు కట్టి తీసుకోవాల్సినది. అదే చట్టం ఆయిల్ లైనుకు రక్షణ గొట్టమో భద్రతా వాల్వో ఉండాలని కూడా నిర్దేశించింది. అంటే రక్షణ కోరేవాళ్లు తమ వంతు జాగ్రత్త ముందే చేసి ఉండాలన్నది అందులోని ఉద్దేశం. తమ పాలసీలో కాలుష్యం గురించి ఏముందో చదవకుండా “ఇన్సూరెన్స్ ఉంది” అనేవాళ్లు దగ్గర లేని దానిమీద భరోసా పెట్టుకుంటున్నారు.

5. అమ్మేవాళ్ల స్వార్థం, క్యాలెండరు మూఢత్వం

ట్యాంకులు అమ్మేవాళ్లకు ట్యాంకులు అమ్ముడుపోవాలనే ఉంటుంది. ఈ అనుమానం న్యాయమైనదే. ఇరవై ఏళ్లు నిండాయి కాబట్టి మార్చేయాలన్న మాటను నేనూ సమర్థించను. మంచి పొడి బేస్‌మెంట్‌లో, కాళ్లు గట్టిగా ఉండి, అడుగు దిట్టంగా ఉన్న ట్యాంకును తేదీ చూసి పీకేయడానికి కారణం లేదు. అయితే చెప్పేవాడికి లాభం ఉన్నంత మాత్రాన చెప్పింది అబద్ధం కాదు. ఆ అనుమానానికి సరైన జవాబు కొలత అడగడం. అల్ట్రాసౌండ్ పరికరంతో బయటి నుంచే రేకు మందం కొలవచ్చు. అడుగున నీరుందో లేదో, నీటిని పట్టిచూపే పేస్టు పూసిన కర్ర దించి చూడవచ్చు. ఈ పరీక్షలు ట్యాంకు అమ్మని వాళ్లతోనూ చేయించుకోవచ్చు. వీటికీ పరిమితి ఉంది. నాలుగైదు చోట్ల కొలిచినప్పుడు అసలు గుంట తప్పిపోవచ్చు కాబట్టి మంచి ఫలితం పూర్తి హామీ కాదు. చెడ్డ ఫలితం మాత్రం తిరుగులేని సాక్ష్యం. కారేదాకా ఆగమనేవాళ్లు అమ్మేవాళ్ల మాటను అనుమానిస్తున్నారు, అక్కడితో ఆగి కొలతను కూడా అడగడం లేదు. వాళ్ల సందేహం సగం దారిలోనే ఆగిపోయింది.

6. “ఎలాగూ హీట్ పంపు పెట్టబోతున్నాం”

అన్నిటిలోకీ బలమైన అభ్యంతరం ఇదే. మేన్‌లో లక్ష హీట్ పంపుల లక్ష్యాన్ని 2025 గడువుకు రెండేళ్ల ముందే, 2023లోనే చేరుకున్నారు. ఆయిల్‌ను వదిలే దారి నిజంగానే తెరుచుకుంది. త్వరలో వదిలేయబోయే ఇంధనానికి ముప్పై ఏళ్ల ట్యాంకు కొనడం తెలివైన పని కాదు. కానీ ఈ వాదన కొత్తది కొనవద్దనడానికి పనికొస్తుంది గాని, పాతదాన్ని ఉన్నచోటే ఉంచడానికి పనికిరాదు. రేకు బలహీనపడ్డ ట్యాంకు మన మార్పు ప్రణాళిక కోసం ఆగదు. మారాలనుకునేవాళ్లు చేయాల్సింది ఆ మార్పును ముందుకు జరపడం, తేదీ వేసుకోవడం, ఆలోగా ట్యాంకు మందం కొలిపించుకోవడం. కొలత తక్కువ వస్తే ఆ తేదీ ఈ వేసవే. మారిన తరవాత పాత ట్యాంకును ఆయిల్‌తో సహా మూలన వదిలేయడం మరో పొరపాటు. వాడని ట్యాంకు కూడా తుప్పు పడుతుంది, చూసేవాళ్లు లేక ఇంకా వేగంగా ప్రమాదకరమవుతుంది. ఖాళీ చేయించి, శుభ్రపరిచి తీయించాలి, ఆయిల్ పోయడానికి బయట గోడకున్న ఫిల్ పైపును కూడా తొలగించాలి. ట్యాంకు తీసేసి పైపు ఉంచితే, చిరునామా పొరబడి వచ్చిన ఆయిల్ ట్రక్కు నేరుగా బేస్‌మెంట్‌లోకి ఆయిల్ పంపు చేసే ప్రమాదం ఉంది.

7. మరి నిర్ణయం ఎప్పుడు?

ట్యాంకును ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు జవాబు మూడు విషయాల్లో ఉంది: ఉన్న స్థలం, కొలిచిన స్థితి, కారితే జరిగే నష్టం. రక్షణ లేని ఉక్కు ట్యాంకు మట్టిలో ఉంటే దాని విషయంలో ఆగడానికి ఏ కారణమూ చాలదు. పరీక్షలో నెగ్గినా అది ఈరోజు కారడం లేదని మాత్రమే తెలుస్తుంది, కాబట్టి అనుమతులు తీసుకుని తీయించేయాలి. బయట నిలబెట్టినది పదిహేను, ఇరవై ఏళ్లు దాటితే, లేదా దాని వయసే తెలియకపోతే, ఈ వేసవిలో మందం కొలిపించి, అనుమానం ఉన్నా మార్చాలి. బేస్‌మెంట్‌లోని ట్యాంకు అడుగున చెమ్మ, తడి మరకలు, వాల్వు దగ్గర జిగురు, కాళ్లకు తుప్పు, కొంచెం వంగిన నిలుపు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తరవాతి డెలివరీకి ముందే నిర్ణయం జరగాలి. ఏ లక్షణమూ లేని పాతదాన్ని ఏటా పరీక్షించాలి. కొత్తది పెట్టినప్పుడు రెండు గోడల ట్యాంకు పెట్టించాలి. దానిలో లోపలి గోడ చిల్లుపడినా ఆయిల్ బయటి గోడలో ఆగుతుంది, సూచిక హెచ్చరిస్తుంది. కారడం నిజంగా ముందస్తు హెచ్చరికగా పనిచేసేది ఆ ఏర్పాటులో మాత్రమే. బావి నీళ్లు తాగే ఇంట్లో, చిన్నపిల్లలు కింది గదుల్లో పడుకునే ఇంట్లో ఈ గడువులన్నిటినీ ముందుకు జరపాలి.

“కారేదాకా ఆగు” అనే మాటలో నిర్ణయం లేదు. నిర్ణయాన్ని ఇంటి యజమాని చేతిలోంచి తీసి తుప్పుకు అప్పగించడం మాత్రమే ఉంది. తుప్పు నిర్ణయించే రోజున ధర తేల్చుకునే సమయం ఉండదు, పనివాళ్లను ఎంచుకునే వీలుండదు, పాలసీ చదువుకునే అవకాశం ఉండదు, ఒకసారి మట్టిలోకి దిగిన ఆయిల్‌ను వెనక్కి పిలిచే మార్గమూ ఉండదు. ట్యాంకు మార్చడానికి సరైన కాలం ఒక్కటే: అది ఇంకా కారకుండా, మనం ఇంకా ఎంచుకోగలిగిన స్థితిలో ఉన్న కాలం. వచ్చే డెలివరీ కన్నా ముందే ట్యాంకును కొలిపించండి, ఆ కొలత ఏం చెబితే అది ఈ వేసవిలోనే చేయండి.